నత్త పెంచిన నవ్వుమొహాలు

నీటిజీవి ఒకటి రెండువందల నలభై గుడ్లు పెడితే, అందులో ఇరవై ఆరింటిని బతికించి, పెంచి పెద్దచేసి చూపించింది మా తమ్ముడి కూతురు. అది ఆమె మొదటి విజయం. అంతకుముందు ఆమె పనిచేసే కాలేజీలో పెద్ద చదువులు చదివినవాళ్ళు రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ చేతులు దులుపుకున్నారు. మా పిల్లకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు. సీసాలు కడిగే పనికి చేరి నాలుగు నెలలు.

నేను ఊరిబడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. కాబట్టి ఈ జీవుల గురించి ఇక్కడ రాసేదంతా ఆమె నాకు కాగితం మీద బొమ్మ గీసి, వేలు పెట్టి చూపించి చెప్పిందే. తప్పుంటే నాది, ఒప్పుంటే ఆమెది.

సాలమాండర్ చూడటానికి బల్లిలా ఉంటుంది గాని బల్లి కాదు, కప్పకు దగ్గరి చుట్టం. ఒంటి మీద పొలుసు ఉండదు, వేలికి గోరు ఉండదు. ముందుకాళ్ళకు నాలుగేసి వేళ్ళు, వెనకకాళ్ళకు అయిదేసి. వీటిలో మోల్ సాలమాండర్లని ఒక వంశం ఉంది. ఆ వంశంలో చాలామటుకు నేల కింద బొరియల్లో కాలం గడిపి, గుడ్లు పెట్టే రోజుల్లో మాత్రం నీటికి వస్తాయి. మా పిల్ల పెంచేవి అదే వంశంలో నీళ్ళు వదలని శాఖ. ఆక్సలాటల్ అంటారు. మిగతా చుట్టాలన్నీ వయసొచ్చాక మొప్పలు పోగొట్టుకుని గట్టెక్కుతాయి. ఇవి మటుకు పసితనపు మొప్పలతోనే పెద్దవై, ఆ మొప్పలతోనే పిల్లల్ని కని, ఆ మొప్పలతోనే పోతాయి. తలకు అటు మూడు, ఇటు మూడు ఎర్రటి కుచ్చులు. కంటికి రెప్ప లేదు. నోరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సాగి ఉంటుంది గనుక, ఆకలేసినా నొప్పి పుట్టినా నవ్వుతున్నట్టే ఉంటాయి. మా ఇంట్లో వాటి పేరు నవ్వుమొహాలు.

మా పిల్లకూ ఇంట్లో ఒక పేరుంది, నత్త. చిన్నప్పుడు చెప్పులు వేసుకోవడానికి పావుగంట, అన్నం తినడానికి గంట పట్టేది. తల్లి పోయాక తొమ్మిదేళ్ళ పిల్లను తయారుచేసి బడికి పంపేసరికి మా తమ్ముడికి చెమటలు పట్టేవి. వాడు మాంసం కొట్టు నడిపేవాడు, ఒక్క వేటుతో ఎముక విరిచే మనిషి. వాడి కడుపున ఇంత నిదానమైన పిల్ల ఎలా పుట్టిందా అని మేమంతా నవ్వుకునేవాళ్ళం. ఆ నిదానమే ఆమెకు అన్నం పెట్టింది.

గుడ్డులోంచి వచ్చిన పిల్లలు కొత్తలో కదిలేదాన్నే కొరుకుతాయి. ఒకే తొట్టిలో ఉంటే ఒకదాని కాలు మరొకటి తినేస్తుంది. కాలు పోతే మళ్ళీ మొలుస్తుంది, తల పోతే మొలవదు కదా. చదువుకున్నవాళ్ళు రెండుసార్లు ఓడిపోయింది ఇక్కడే. మా నత్త క్యాంటీనుకు వెళ్ళి, అంచులు విరిగి పక్కన పడేసిన టీ కప్పులు ఎనభై ఏరుకొచ్చింది. కప్పుకొక పిల్ల. కప్పులు అంతకుమించి దొరక్కపోతే మిగతావాటిని తొట్టిలోనే వదలక తప్పలేదు. రోజూ ఎనభై కప్పుల్లో నీళ్ళు మార్చడం, కంటికి ఆననంత చిన్న రొయ్యపిల్లల్ని గొట్టంతో ఒక్కొక్క కప్పులో వదలడం. కప్పకు వెనకకాళ్ళు ముందు వస్తే వీటికి ముందుకాళ్ళు ముందొస్తాయి. ఆ మొలకలు కనబడిన రోజున ఆమె మెట్లెక్కి వచ్చి కాలేజీ ఫోన్ నుంచి మా ఇంటికి చేసి, "పెదనాన్నా, చేతులొచ్చాయి!" అంది. ఎవరికి ఏమైందోనని మా ఆవిడ కంగారుపడిపోయింది.

ఆ తరువాత ఆమె సాధించినవన్నీ చెబితే గొప్పలు పోతున్నాడంటారు. అననివ్వండి. తోక మొదట్లో ఉబ్బు చూసి ఆడదో మగదో గుర్తుపట్టడం ఎందరో విద్యార్థులకు నేర్పింది. మగది నీటి అడుగున చిన్న జిగురుముద్దలు పెట్టి ముందు నడిస్తే, ఆడది వెనకే వచ్చి వాటిని ఒంట్లోకి తీసుకుంటుందని పుస్తకంలో చదివినవాళ్ళకు కళ్ళారా చూపించింది. తెగిన కాలు మొలిచే క్రమాన్ని రోజుకొక బొమ్మగా గీసింది. మొండి మీద చర్మం కప్పుకోవడం, దాని మీద మొగ్గ, మొగ్గ తెడ్డులా చదునుకావడం, తెడ్డు చీలి వేళ్ళు కావడం. ఆ బొమ్మలు ఇప్పటికీ తరగతి గదిలో అద్దం వెనక ఉన్నాయి. కింద పేరు లేదు. పేరు రాసుకోవచ్చు కదే అంటే, "ఎవరు గీశారో నవ్వుమొహాలకు తెలుసులే పెదనాన్నా" అంది.

మొదటి జతను తెచ్చిన మాస్టారు ఉద్యోగం దిగిపోయే రోజున ఆమెను పిలిచి ఒక్కటే చెప్పారు. "ఈ సంతతి నీ చేతుల్లో పెడుతున్నాను. వేరేవాటితో కలపకు. తెంపకు." పద్నాలుగేళ్ళు ఆ మాట నిలబెట్టింది. ఏ పిల్ల ఏ తల్లిదో, ఆ తల్లి ఏ తల్లిదో ఆమెకు కంఠతా వచ్చు. ఈ ఏడాదికి పద్నాలుగు మిగిలాయి. చలి మొదలవగానే నాలుగు ఆడవాటిని జతకు పెట్టాలని ఏర్పాట్లు కూడా చేసుకుంది.

అప్పుడే కడుపులో నొప్పి వచ్చింది. ఆపరేషన్ అన్నారు. పద్దెనిమిది రోజులు మెట్లు ఎక్కకూడదు, దిగకూడదు, బరువెత్తకూడదు. తొట్లు ఉన్న గది నేలకింద అంతస్తులో ఉంది, పద్నాలుగు మెట్లు దిగాలి. అక్కడ ఊడ్చే మనిషి ఉన్నాడు గాని వాటి జోలికి రాడు.

ఆస్పత్రి మంచం పక్కన మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "నేను చూస్తాలేవే."

"నువ్వా నాన్నా? వాటి మొహం చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుందన్నావుగా."

"జలదరిస్తే జలదరించనీ. కళ్ళు మూసుకుని పెడతా."

"కళ్ళు మూసుకుంటే వేలు పట్టుకుంటాయి."

"పళ్ళున్నాయా వాటికి?"

"ఉన్నాయి, గరుకు కాగితమంత. నీ వేలుకేం కాదులే, నీ పరువే పోతుంది."

ఆమె నవ్వబోయి కుట్లు పట్టుకుంది. నేనూ నవ్వాను. పద్నాలుగేళ్ళలో ఆ గదిలో అడుగు పెట్టని మనిషి వాడు. కూతురి ఉద్యోగం సంగతి ఎవరైనా అడిగితే "పురుగులకు పురుగులు పెడుతుంది" అని మాట మార్చేవాడు. అలాంటివాడు తనంతట తాను ముందుకొస్తే, కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

గోడకు అంటించడానికి ఆమె మంచం మీదే తొమ్మిది వాక్యాలు రాసిచ్చింది. నీళ్ళ చల్లదనం ఎంత ఉండాలి, రోజుకు ఎంత పెట్టాలి, తినగా మిగిలింది గంటలో తీసెయ్యాలి, ఇలాంటివి. ఆరో వాక్యం ఇది: "వానపాములు దొరక్కపోతే మాంసం పెట్టవచ్చు. బాగా మెత్తగా ఉండాలి. కొవ్వు ఉండకూడదు."

ఆ కాగితం రాసింది సాలమాండర్లు తెలిసిన మనిషి. చదివింది మాంసం తెలిసిన మనిషి. చిక్కు అక్కడే వచ్చింది.

మూడు రోజులకు వానపాములు అయిపోయాయి. తవ్వితే దొరుకుతాయి, కాని వాడికి మనసొప్పలేదు. ఇంత కొట్టు ఉండగా కూతురు కన్నబిడ్డల్లా చూసుకునేవాటికి మట్టిపురుగులా? నలభై ఏళ్ళు కత్తి పట్టిన చెయ్యి. మెత్తగా ఉండి, కొవ్వు పోగు కూడా లేనిదేమిటని తనలో తాను వెతుక్కున్నాడు. మేక గొంతుగొట్టానికి అటూ ఇటూ అతుక్కుని ముదురెరుపు ముక్కలు రెండు ఉంటాయి. కొనేవాళ్ళు అడగరు, కొట్టువాళ్ళు తీసి పారేస్తారు. వేలితో నొక్కితే నలిగిపోతాయి. రోజూ కోసినవాటి నుంచి వాటిని విడిగా తీసి, కడిగి, గోరంత పలచగా తరిగి, డబ్బాలో పెట్టుకుని మెట్లు దిగేవాడు.

సాయంత్రం కూతురి దగ్గరికి వచ్చి, "తింటున్నారే, బ్రహ్మాండంగా తింటున్నారు" అనేవాడు. వాటిని మనుషుల్లా మాట్లాడటం అప్పుడే మొదలుపెట్టాడు.

పద్దెనిమిదో రోజున ముగ్గురం కలిసి వెళ్ళాం. మెట్లు దిగుతున్నప్పుడు వాడు ముందు, ఆమె మధ్యన గోడ పట్టుకుని, నేను వెనక. ఆ గదికి ఒకటే కిటికీ, కప్పు దగ్గర. అందులోంచి బయట నడిచేవాళ్ళ చెప్పులు తప్ప ఏమీ కనబడవు. నీళ్ళు చల్లబరిచే యంత్రం గుర్రుమంటోంది. మా తమ్ముడు పెళ్ళికొడుకు తండ్రిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"చూడవే. నువ్వు పద్నాలుగేళ్ళు పసిపిల్లల్లాగే ఉంచావు. పద్దెనిమిది రోజుల్లో నేను పెద్దవాళ్ళను చేశాను."

ఆమె మొదటి తొట్టి మీదకు వంగింది. మొప్పల కుచ్చులు దీపం ఆర్పాక మిగిలే వత్తుల్లా ముడుచుకుపోయాయి. తోకకు పైనా కిందా ఉండే పలచటి అంచు తగ్గిపోయింది. ఒకదాని కంటి చుట్టూ సన్నటి మడత, అంటే రెప్ప. అది నీటి పైకి వచ్చి గాలి మింగి, మళ్ళీ కిందికి పోయి, మళ్ళీ వచ్చింది. నవ్వుతూనే ఉంది.

"ఏం పెట్టావు నాన్నా?"

వాడు నవ్వుతూ తన గొంతు మీద, ముడికి కాస్త కింద, రెండు వేళ్ళు ఆనించి చూపించాడు.

ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయింది. "అది థైరాయిడ్ నాన్నా" అంది.

"అయితే?"

"ఒంటికి 'ఇక పెద్దదానివి కా' అని చెప్పేది అదే. వీటి ఒంట్లో ఆ మాట గట్టిగా వినబడదు. అందుకే నీళ్ళలో ఉంటాయి. నువ్వు రోజూ చెప్పావు."

"సరే, ఇవాళ్టి నుంచి చెప్పను. మానేస్తే ఆగుతుందిగా?"

ఆమె ఫోన్ తీసి మాస్టారుకు చేసింది. మాకు వినబడేలా స్పీకర్ పెట్టింది. ఆయన అన్నీ విని, ఎన్ని రోజులు పెట్టారు, మొప్పలు ఎంత మిగిలాయి అని అడిగారు. చెప్పింది.

"అంతదాకా వచ్చాక ఆగదమ్మా."

"వెనక్కి తిప్పడానికి ఏదైనా..."

"లేదమ్మా. నీళ్ళు తగ్గించు. రోజుకు ఒక వేలు. ఎక్కి కూర్చోవడానికి రాయి పెట్టు. లేకపోతే మునిగిపోతాయి."

నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగినవి నీళ్ళలో మునిగిపోతాయట. మా తమ్ముడు నా వైపు చూశాడు. ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా పెద్దవాడినని నా దగ్గరికి వస్తారు. పొలం గట్టు తగాదాలు తీర్చాను, విడిపోయిన మొగుడూ పెళ్ళాలను కలిపాను. అలాంటి నేను అక్కడ తడినేల మీద ఊరికే నిలబడ్డాను.

వాడు బావురుమంటే బాగుండేది. ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆమె గోడ దగ్గరికి వెళ్ళి కాగితం చదివింది. మళ్ళీ చదివింది. "ఆరో వాక్యం నేనే రాశాను పెదనాన్నా" అని, పెన్సిల్‌తో దాన్ని కొట్టేసి, పక్కన "వానపాములు మాత్రమే" అని రాసింది. ఎవరి కోసం రాసిందో ఆమెకే తెలియాలి.

ఆ రోజు నుంచి వాడు మధ్యాహ్నం కొట్టు మూసి నేరుగా అక్కడికే వచ్చేవాడు. గడువు తీరినా ఆమెను బరువు ఎత్తనివ్వక బకెట్లు వాడే ఎత్తేవాడు. రోజుకొక వేలు నీళ్ళు తోడేవాడు. చదును రాళ్ళు తెచ్చి, కత్తి నూరే మనిషి కదా, అంచులు తగలకుండా అరగదీసి పెట్టాడు. ఇద్దరి మధ్యా మాటలు ఇవే.

"ఇవాళ ఎలా ఉన్నారు?"

"మూడోది తినలేదు."

"మారేటప్పుడు తినరా?"

"తినవు."

"చర్మం ఊడుతోందే..."

"ఊడుతుంది నాన్నా. కొత్తది వస్తుంది."

"నేను చేసేదేమైనా ఉందా?"

"నీళ్ళు తోడు."

పదమూడు మారాయి. అందులో అయిదు మారుతుండగానే పోయాయి. మొదటిది పోయినప్పుడు వాడు తుండుగుడ్డ భుజం మీంచి తీసి, "ఎక్కడ పూడుస్తారు?" అని అడిగాడు. "పూడ్చం, సీసాలో పెడతాం" అంది. సీసా వాడే పట్టుకుని నిలబడితే ఆమె చీటీ అంటించింది. చీటీ మీద తల్లి గుర్తు, తల్లి తల్లి గుర్తు రాసింది. కారణం అన్నచోట ఖాళీ వదిలింది. ఎనిమిది గట్టెక్కాయి. ఇప్పుడు అవి తడినాచు పరిచిన పళ్ళేల్లో, మందపాటి చర్మంతో, రెప్పలార్పుతూ కూర్చున్నాయి. బొరియల్లో బతికే తమ చుట్టాల్లాగే తలతో నాచును పొడుస్తున్నాయి. నేల మీదికి వచ్చాక ఇవి జత కట్టడం ఎప్పుడో గాని జరగదట. వాటి మీద ఆశ పెట్టుకోవద్దని మాస్టారు చెప్పేశారు.

కాలేజీ పెద్ద ఒకరోజు మెట్లు దిగి వచ్చాడు. "ఎందుకంత బెంగ? వేరేచోటి నుంచి తెప్పిద్దాం. చూడ్డానికి అన్నీ ఒకటేగా" అన్నాడు. మంచివాడే, ఓదార్చడానికే అన్నాడు. ఆమె "సరే సార్" అంది. ఆయన వెళ్ళాక తొట్టి అద్దం తుడిచిందే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

పద్నాలుగోది మటుకు మారలేదు. దాని పేరు ముసలమ్మ. తొమ్మిదేళ్ళు దాటాయి, రెండు కళ్ళూ పోయాయి, అందుకని ఒంటరిగా వేరే తొట్టిలో ఉంటుంది. తిండి దాని మూతికి ఆనిస్తే తప్ప తినదు. ఆ సంగతి కాగితంలో రాయడం మా పిల్ల మరిచిపోయింది. మా తమ్ముడు ముక్కలు వేసేవాడు, గంట చూసేవాడు, రాసినట్టే తీసేసేవాడు. పద్దెనిమిది రోజులు అది పస్తులుంది. ఆ పస్తే దాన్ని కాపాడింది. కాని రెండేళ్ళుగా అది గుడ్డు పెట్టలేదు. మారకుండా మిగిలింది అదొక్కటే, గుడ్లు పెట్టే వయసు దాటిందీ అదొక్కటే.

ఆరేళ్ళ కిందట ఈ సంతతి గుడ్లు ముప్పై వేరే ఊరి కాలేజీకి పంపింది. అక్కడ తొట్లు చూసుకునే ఆయనకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"మగవి రెండే మిగిలాయమ్మా. ఆడది లేదు. వాటిని బయటికి పంపడానికి మావాళ్ళు ఒప్పుకోరు. నువ్వే ముసలిదాన్ని తెస్తావా?"

"తెస్తానన్నా."

"తొమ్మిదేళ్ళు కదూ?"

"తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు."

"పెడుతుందంటావా?"

"తెలియదన్నా."

"మరి?"

"మరి ఇంకేమీ లేదన్నా. ఇదే ఉంది."

రెండు వారాలు మూతికి ఆనించి వానపాములు తినిపించి, దానికి కాస్త ఒళ్ళు వచ్చేలా చేసింది. ఈ నెల అయిదో తారీఖున, చల్లటి నీళ్ళు పోసిన మూతడబ్బాను మంచుగడ్డల సంచీలో పెట్టుకుని రైలెక్కింది. డబ్బాను మెట్ల మీదుగా పైకి మోసింది వాళ్ళ నాన్నే. ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, నీళ్ళు కదలకుండా నడిచాడు. "నన్ను నత్త అన్నారే ఇన్నాళ్ళూ" అంది వెనక నుంచి. ఆ నెలరోజుల్లో ఆమె ఆడిన పరాచికం అదొక్కటే. వాడు నవ్వలేదు, మెట్టు చూసుకుంటున్నాడు.

బండి కదిలే ముందు జేబులోంచి చిన్న రేకుడబ్బా తీసి కిటికీలోంచి ఇచ్చాడు.

"వానపాములు. నేనే తవ్వాను. కడిగాను, మట్టి లేదు."

"సరే నాన్నా."

"మాంసం ముట్టుకున్న చేత్తో తవ్వలేదు. సబ్బుతో కడుక్కున్నాను."

"సరే నాన్నా."

ఆమె వెళ్ళాక ఎనిమిదింటినీ వాడే చూసుకుంటున్నాడు. గోడ మీది కాగితాన్ని రోజూ మొదటి నుంచి చివరిదాకా బయటికి చదివి గాని డబ్బా మూత తియ్యడు. నిన్న ఆమె ఫోన్ చేసింది. ముసలమ్మను మగదానితో కలిపారట. తెల్లారి చూస్తే నీటి అడుగున జిగురుముద్దలు ఏడు ఉన్నాయట. ముసలమ్మ వాటి మీదుగానే నడిచిందట. తీసుకుందో, తెలియక దాటిపోయిందో చెప్పలేనంది.

"ఎలా తెలుస్తుందే?" అని అడిగాను.

"గుడ్లు పెడితే తెలుస్తుంది పెదనాన్నా."

"పెట్టకపోతే?"

"అదీ తెలుస్తుంది."

మా తమ్ముడు పక్కనే ఉండి, ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాడు. ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని, "ఎప్పుడొస్తావే?" అన్నాడు, అంతే. ఆమె చెప్పిన తారీఖును కొట్టుకు వెళ్ళి, కత్తులు వేలాడే కొక్కేల పక్కన తెల్లపలక మీద సుద్దతో రాసుకున్నాడు. మాంసానికి వచ్చినవాళ్ళు ఆ రోజు కొట్టు సెలవా అని అడుగుతున్నారు. పదిహేడో తారీఖు, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల బండి.